గోదావరిపై ఉక్కు వంతెన: లెక్క అడుగువారెవరు?

(ఉప్పల్‌లోని యొక పఠనమందిరమున చేసిన యుపన్యాస పాఠము)



మూసీ యొడ్డున కూర్చుండి గోదావరి వంతెనను గూర్చి మాట్లాడుట యేమని మీలో కొందరికి తోచవచ్చును. ఆ వంతెనకు పోవు దారి మన గడప ప్రక్కనుండియే పోవుచున్నదని మా సమాధానము. నాచారమునకు ఉత్తరముగ మౌలాలి మీదుగా సాగు రైలుపట్టాలు ఘట్‌కేసర్, కాజీపేట, బెజవాడ దాటి కొవ్వూరు చేరుచున్నవి. అచ్చట గోదావరిని దాటి రాజమహేంద్రవరమున ప్రవేశించుచున్నవి. 1974వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదిని హైదరాబాదు వాల్తేరుల నడుమ ఆరంభమై, గోదావరి ఎక్స్‌ప్రెస్సుగా ప్రసిద్ధికెక్కిన బండి మనలో ననేకులకు చిరపరిచితము. ఆ బండి తొలినాళ్ళలో గోదావరిని దాటినది మేము నేడు చెప్పబోవు పాత వంతెన మీదుగనే.

ఆ వంతెనపై 1997 తరువాత రైళ్ళు లేవు. స్తంభములు నిలిచియున్నవి, ఉక్కు దూలములు నిలిచియున్నవి. దానిని ఏమి చేయవలెనను ప్రశ్నయు నిలిచియున్నది. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు దాని చరిత్రను తెలిసికొనుట మన విధి. చరిత్ర యనగా తేదీల పట్టిక కాదు. ఎవరి సొమ్ముతో కట్టిరి, ఎవరి చేతులు కట్టినవి, ఎవరి మేలుకొరకు కట్టిరి, ఎవరి పేరు పెట్టిరి అను నాలుగు ప్రశ్నలకును జవాబు వెదకుటయే చరిత్ర.

మొదట ఆ వంతెన లేని కాలమును స్మరింతము. సికింద్రాబాదునుండి వాడికి 1874లో రైలు పడినది. తూర్పుగ వరంగల్లునకు 1886లోను, అచ్చటినుండి సింగరేణి బొగ్గు దొరకు సీమను ఆనుకొని బెజవాడకు 1889లోను దారి చేరినది. తీరము వెంట బెజవాడ వాల్తేరుల నడుమ తూర్పుతీరపు రైలుదారి 1893లో ఆరంభమైనది. కాని గోదావరి మాత్రము ఆ దారికి నడుమ తెగిన దారమువలె నుండెను. ఇటు కొవ్వూరు, అటు రాజమహేంద్రవరము. నడుమ మైలున్నరకు మించిన నీరు. బండి దిగి, మూటముల్లెలతో రేవుకు నడచి, పడవపై ఆవలి గట్టు చేరి, మరల బండి యెక్కవలెను. వేసవిలో ఇసుకతిన్నెలు, శ్రావణభాద్రపదములలో ఎఱ్ఱనీటి వరద. గర్భిణులు, వృద్ధులు, బియ్యపు బస్తాలు, ఉత్తరాల సంచులు, అన్నిటికిని ఆ రేవే గతి. పట్టాలు పరచిన తరువాత కూడ సుమారు ఏడేండ్లు ప్రయాణీకులు ఈ యవస్థ పడిరి.

గోదావరిని గూర్చి మాట్లాడునపుడు సర్ ఆర్థర్ కాటన్ పేరు చెప్పక తప్పదు. రాజమహేంద్రవరమునకు కొలది మైళ్ళు దిగువను ధవళేశ్వరము ఆనకట్టను 1847లో ఆరంభించి 1852 నాటికి ముగించినవాడాయన. ఆయన జీవితాంతము చెప్పిన మాట యొకటి కలదు: ఈ దేశమునకు మొదట కావలసినది కాలువలు, తరువాతనే రైళ్ళు, కాలువ పొలమును తడుపును, సరకును మోయును, రైలు మోయును గాని తడుపజాలదు. పార్లమెంటు సంఘముల యెదుట సాక్ష్యమిచ్చినపుడును ఆయన ఈ వాదమునే వినిపించెను. పాలకులు ఆ మాటను పూర్తిగా చెవిని పెట్టలేదు. తరువాతి కాలమున రమేశచంద్ర దత్తుగారు తమ యార్థిక చరిత్రలో ఇదే విషయమును ఎత్తి చూపి, రైళ్ళపై ధారపోసిన ధనముతో పోల్చిన నీటిపారుదలకు పెట్టినది స్వల్పమని నిరూపించిరి. కాటన్ 1899 జులైలో మరణించెను. అప్పటికి ఆయన ఆనకట్టకు ఎగువను రైలు వంతెన స్తంభములు నీటిలోనుండి పైకి లేచుచున్నవి.

అట్లని రైలు కేవలము అనవసరమని మేము చెప్పము. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును దహించిన ధాతుకరవు తరువాత ఏర్పడిన కరవు సంఘము 1880లో రైళ్ళను విస్తరింపవలెనని సిఫారసు చేసినది. తిండిగింజలున్న తావునుండి లేని తావునకు వేగముగ చేర్చుటయే దాని యుద్దేశము. ఆ యుద్దేశము మంచిదే. కాని గింజలను కరవు సీమకు తెచ్చు బండియే, ధర యెక్కువ పలికిన యెడల గింజలను రేవు పట్టణమునకును మోసికొని పోగలదు. బండికి పక్షపాతము లేదు. దానిని నడుపు విధానమునకు కలదు. స్వరాజ్యవాదులు ఆనాడు చేసిన విమర్శ పట్టాలపై కాదు, విధానముపై.

ఇక నిర్మాణము. 1897వ సంవత్సరము నవంబరు 11వ తేదిని పని ఆరంభమైనది. కాశీలో గంగపై 1887లో తెరచిన డఫ్రిన్ వంతెన పనిని నడిపిన ఫ్రెడరిక్ థామస్ గ్రాన్‌విల్ వాల్టన్ అను ఇంజనీరే దీనికిని ఇంజనీరు. మొత్తము 56 అంకణములు. ఒక్కొక్క అంకణము 150 అడుగులు. రాతికట్టడపు స్తంభములు, వానిపై ఉక్కు దూలములు, ఆ దూలములపై ఒకే వరుస పట్టాలు. 1900వ సంవత్సరము ఆగస్టు నెలలో వంతెన రాకపోకలకు తెరువబడెను. ఇంత పొడవైన పని మూడేండ్లలోపల ముగియుట ఆ కాలమునకు సామాన్యము కాదు.

ఇసుక నదిలో స్తంభమును నిలుపుట ఎట్లో కొందరికి తెలియకపోవచ్చును. మన యూళ్ళలో నూయి త్రవ్వువారు ముందు గొయ్యి త్రవ్వి, తరువాత చుట్టును రాయి పేర్తురు. నదిలో పని దీనికి తలక్రిందులు. ముందు ఇనుప అంచు గల చట్రమును ఇసుకపై నిలిపి, దానిపై నూతి గోడవలె కట్టడము కట్టుదురు. లోపలి ఇసుకను తోడివేయుకొలది ఆ గోడ తన బరువుతో తానే దిగును. దిగనని మొండికెత్తినపుడు పైన బరువులు పెట్టుదురు. అడుగున రాయో మానో అడ్డుపడినపుడు మనుష్యుడే నీటిలో మునిగి తొలగింపవలెను. ప్రక్కకు వాలిన యెడల సరిచేయుటకు దినములు పట్టును. గట్టినేల తగిలిన తరువాత లోపలి ఖాళీని పూడ్చి, ఆపైన స్తంభమును లేపుదురు. ఇదంతయు వరదరాని నెలలలోనే జరుగవలెను. జ్యేష్ఠము దాటినచో నది యెవరి మాటయు వినదు. ఆ దినములలో మన దేశపు పెద్ద నదులపై వంతెనలు లేచినది ఈ పద్ధతినే.

దూలముల ఉక్కు మాట. 1900 నాటికి ఇంత ఉక్కును తయారు చేయగల కర్మాగారము భారతదేశమున లేదు. జంషెడ్‌పురమున టాటావారి కొలుములనుండి ఉక్కు వెలువడినది 1912లో. కనుక ఆనాటి పెద్ద వంతెనలకు ఉక్కు సముద్రము దాటి రావలసి యుండెను. అనగా ఆ వ్యయములో పెద్దభాగము మన యూరి కమ్మరికి గాని మన దేశపు కొలిమికి గాని చేరలేదు. ఇచ్చట మిగిలినది కూలి. రాయి కొట్టుట, రాయి మోయుట, ఇసుక తోడుట, పడవ నడుపుట, నిప్పులో కాల్చిన రివిట్లను పట్టకారుతో అందించుట, సుత్తితో బిగించుట. పరాయి ఉక్కును మన నదిపై నిలిపినది ఈ కూలియే.

ఇంతమంది శ్రమించిన వంతెనకు పెట్టిన పేరు హేవ్‌లాక్ వంతెన. సర్ ఆర్థర్ ఎలిబ్యాంక్ హేవ్‌లాక్ 1896 మొదలు 1900 వరకు చెన్నపురి గవర్నరు. ఆ పెద్దమనిషిపై మాకు వ్యక్తిగతముగ ద్వేషమేమియు లేదు. ఆయన యేలుబడి కాలమున వంతెన ముగిసినది, పేరు పడినది. ఇంతే ఆయనకును ఆ వంతెనకును సంబంధము.

న్యాయస్థానములలో తిరుగువారికి తెలిసిన సంగతి యొకటి చెప్పెదము. మన సీమలో ఇంటిజాగా క్రయపత్రము వ్రాయించునపుడు దానిలో ఇచ్చినవాని పేరు ఉండును, పుచ్చుకొనినవాని పేరు ఉండును, సాక్షుల పేర్లు ఉండును. చివరకు ఆ కాగితము వ్రాసిన వ్రాయసగాని పేరు కూడ ఉండును. అతడు ఒక్క రూకయు ఇచ్చినవాడు కాడు, ఒక్క గజము నేలయు పుచ్చుకొనినవాడు కాడు. అయినను ఆ పని చేసిన చేయి యెవరిదో తెలియవలెనని మన పెద్దలు ఆ యాచారము నిలిపిరి. నూరుగజముల జాగాకు వర్తించు ఈ మర్యాద మైలున్నర వంతెనకు వర్తింపకపోయెను. దానిపై సంతకము గవర్నరుది. వ్రాసిన చేతుల పేర్లు లేవు.

ఇక సొమ్మెవరిది? రైళ్ళు ఆంగ్లేయులు మనకిచ్చిన దానమని చెప్పువారు నేటికిని కలరు. తూర్పుతీరపు రైలుదారి సర్కారు సొమ్ముతో వేసిన దారి. సర్కారు సొమ్మనగా శిస్తు, ఉప్పుపన్ను, స్టాంపు రుసుము, అప్పుతెచ్చిన మొత్తము, ఆ యప్పుపై మరల మనమే కట్టిన వడ్డీ. దానమిచ్చినవాడు వడ్డీ పుచ్చుకొనడు. ఈ యొక్క మాటతోనే దానవాదము వీగిపోవును.

ఈ విషయమున మన హైదరాబాదు చరిత్ర మరింత పాఠము నేర్పుచున్నది. 1883లో చాందా రైలు పథకమను పేర ఈ సంస్థానమున రైళ్ళను పెంచుటకు ఒక యేర్పాటు జరుగుచుండెను. లండనులో మూలధనము కూర్చు కంపెనీకి నిజాము సర్కారు నూటికి 5 వంతున ఇరువది యేండ్లపాటు వడ్డీ హామీ యీయవలెనని దాని సారాంశము. లాభము వచ్చినను రాకున్నను వడ్డీ మాత్రము ఖజానానుండి పోవలెను. అప్పుడు హైదరాబాదు కళాశాల ప్రధానాచార్యులు, సరోజినీదేవి తండ్రియైన డాక్టరు అఘోరనాథ ఛటోపాధ్యాయగారును, ముల్లా అబ్దుల్ ఖయ్యూముగారును, మరికొందరు పౌరులును కలిసి ఆ షరతులను ప్రజలయెదుట పెట్టవలెనని కోరిరి. వారు పట్టాలు పీకలేదు, బండ్లు ఆపలేదు. ఒప్పందము చూపుడని మాత్రము అడిగిరి. దానికి ఫలముగ అఘోరనాథులను కొలువునుండి తొలగించి, ఆ సంవత్సరము మే నెలలో సంస్థానమునుండి వెడలగొట్టిరి. కొంతకాలమునకు వారు తిరిగి వచ్చిరి. హైదరాబాదున ప్రజాభిప్రాయమను మాటకు అర్థము కలిగించిన తొలి యాందోళనలలో ఇదియొకటి. అది ఒక రైలు లెక్కను అడుగుటతో పుట్టినదని ఈ పట్టాల ప్రక్కన కాపురమున్న మనము మరువరాదు. మౌలాలి మీదుగా బెజవాడకు పోవు ఈ దారి ఆ యొప్పందముల కాలమున వేయబడినదే. ఆ కంపెనీ చేతినుండి నిజాము సర్కారు రైళ్ళను 1930లో స్వాధీనము చేసికొనెను. 1951లో అవి భారత ప్రభుత్వపు రైళ్ళలో కలిసినవి. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రముగ దక్షిణమధ్య రైల్వే యేర్పడినది. లెక్క అడిగిన ఎనుబదియేండ్లకు పైగా గడచినపిమ్మట ఆ సొత్తు యాజమాన్యము ఈ రూపమునకు వచ్చినది.

ఇట్లు పరుల ప్రయోజనమునకు వేసిన దారిని మన ప్రజలు తమ ప్రయోజనమునకు మలచుకొనిరి. గోదావరి వంతెన చరిత్రలో మాకు మిక్కిలి ప్రియమైన భాగమిది. 1899లో బెజవాడ చెన్నపురుల నడుమ దారి పూర్తియైనది. 1900లో గోదావరిపై వంతెన పూర్తియైనది. బెంగాలు నాగపురి రైలు కలకత్తా దిక్కున అదే యేట కలిసినది. కలకత్తానుండి చెన్నపురికి నేరుగ ఇనుపదారి యేర్పడినది. ప్రభుత్వమువారికి అది సేనను, సరకును, తపాలాను పంపు దారి. 1907లో ఆ దారినే వందేమాతరోద్యమము వచ్చినది. బిపినచంద్రపాలుగారు ఆ యేడు ఏప్రిలులో రాజమహేంద్రవరమున ఉపన్యసించి బెజవాడ వైపు సాగిరి. వారు వెడలిన పిమ్మట రాజమహేంద్రవరము విద్యార్థులు వందేమాతరము బిళ్ళలు ధరించి తరగతులకు పోయిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు చదువునుండి వెలివేయబడిరి. ఆ హరిసర్వోత్తములే తరువాతి కాలమున ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమమునకు పెద్దదిక్కైరి. మనము నేడు కూర్చున్న యిట్టి పఠనమందిరములకును ఆ వంతెన మీదుగా వచ్చిన గాలికిని సంబంధము లేదని ఎవరనగలరు? 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు జరిగినపుడు దక్షిణమునుండి, పడమటినుండి రైలులో పోయిన ప్రతినిధులకు గోదావరి దాటించినది కూడ ఈ గవర్నరుగారి పేరిటి వంతెనయే.

న్యాయశాస్త్రమున సుఖాధికారమని యొక మాట కలదు. పరుని నేలపై దారి చేసికొని, అడ్డులేకుండ, బహిరంగముగ, ఏండ్ల తరబడి నడచినవానికి ఆ దారిపై హక్కు పుట్టును. ఈ వంతెనపై మన ప్రజలు 97 ఏండ్లు నడచిరి. పెండ్లివారు నడచిరి, పుష్కరయాత్రికులు నడచిరి, సత్యాగ్రహులు నడచిరి, వలస కూలీలు నడచిరి. రైలు గోదావరిపైకి రాగానే కిటికీలోనుండి రాగిపైస నదిలోనికి విడిచి చేతులు జోడించిన తల్లులు ఎందరు లేరు! ఇంతకాలపు వాడుకవలన ఆ వంతెన మనదైనది. దానిని మనదని చెప్పుటకు ఏ గవర్నరు అనుమతియు అక్కరలేదు.

అయితే హక్కు పుట్టినచోట బాధ్యతయు పుట్టును. ఇనుమునకు ఆయుర్దాయము కలదు. బండ్లు బరువెక్కినవి, వేగము హెచ్చినది, ఒకే వరుస పట్టాలు చాలకపోయినవి. 1974 నవంబరులో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ ఆలీ అహమ్మదుగారు రెండవ వంతెనను ప్రారంభించిరి. దానిలో క్రింద రైలు, పైన రహదారి. మన దేశపు కర్మాగారములే దాని యుక్కు పనిని చేసినవి. 1997లో మూడవ వంతెన సిద్ధమైనది. అది కాంక్రీటు విల్లులతో 28 అంకణములుగ హిందూస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ కట్టినది. ఒక్కొక్క అంకణము 97 మీటర్లకు పైమాట. అది రాగానే పాతదానికి విశ్రాంతి లభించినది. మొదటి దానికి ఉక్కు పరదేశమునది, పేరు పరదేశీయునిది. రెండవదానికి ఉక్కు మనది. మూడవదానిని మన కంపెనీయే నిలిపినది. ఒకే నదిపై కొలది దూరములలో నిలిచిన ఈ మూడు వంతెనలను వరుసగ చూచినవారికి ఈ దేశము నడచిన దారి తెలియగలదు.

1986 ఆగస్టులో గోదావరికి సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. లంకలు మునిగినవి, గట్లు తెగినవి. 86 ఏండ్ల వయసుననున్న ఈ పాత స్తంభములు ఆ వరదను తట్టుకొని నిలిచినవి. పేరులేని ఆ కూలీల పనితనమునకు ఇంతకు మించిన యోగ్యతాపత్రము వేరొకటి లేదు.

వయసు మీరిన వంతెనను గౌరవముతో విశ్రమింపజేయుట యెంత మేలో తెలియుటకు దూరము పోనక్కరలేదు. మన కాచిగూడనుండి మూసీని దాటి దక్షిణముగ పోవు దారిపై, జడ్చర్ల మహబూబునగరముల నడుమ, 1956 సెప్టెంబరులో వరదకు ఒక వంతెన కూలి రైలు పడిపోయినది. నూరుమందికి పైగా మరణించిరి. నాటి రైల్వేమంత్రి లాల్‌బహదూరు శాస్త్రిగారు రాజీనామా యిచ్చిరి, నెహ్రూగారు అంగీకరింపలేదు. ఆ యేడే నవంబరులో అరియలూరు ప్రమాదము జరుగగా శాస్త్రిగారు మరల రాజీనామా యిచ్చి పదవిని వదలిరి. లెక్క చెప్పుట యనగా నిదియే.

ఇప్పుడు మన ముందున్న ప్రశ్నకు వత్తుము. పాత వంతెనను తొలగింతురను మాట వచ్చినపుడు రాజమహేంద్రవరవాసులు వలదనిరి. దానిని విహారస్థలముగ మార్చు ఆలోచనలు చాలకాలము నడచినవి. 2025 జూన్ నెలలో అఖండ గోదావరి యను పేర సుమారు 94 కోట్ల రూపాయల పథకమునకు శంకుస్థాపన జరిగినది. ఈ వంతెనను తీర్చిదిద్దుట దానిలో భాగము. ఇది సంతోషింపదగిన విషయమే. కాని సంతోషముతోపాటు మూడు కోరికలను నిస్సంకోచముగ చెప్పదలచితిమి.

మొదటి కోరిక ప్రాణరక్షణకు సంబంధించినది. రైలు దిగిపోయినంత మాత్రమున పాత ఉక్కు పడుచుదైపోదు. 2022 అక్టోబరులో గుజరాతులోని మోర్బీ పట్టణమున బాగుచేసి తెరచిన పాత వ్రేలాడు వంతెన నాలుగైదు దినములలోనే తెగి నూటముప్పదిమందికి పైగా ప్రాణములు పోయినవి. అదియు పందొమ్మిదవ శతాబ్దిదే; అదియు విహారమునకు తెరచినదే. కనుక గోదావరి పాత వంతెనపై జనమును నడిపించుటకు పూర్వము ప్రతి స్తంభమును, ప్రతి దూలమును పరీక్షించి, ఆ పరీక్షాఫలితమును తెలుగున ప్రచురింపవలెను. ఒక్కసారి ఎంతమంది నిలువవచ్చునో వంతెన మొదటనే వ్రాసి యుంచవలెను. దీపాలంకారము తరువాతి మాట.

రెండవ కోరిక పేరును గూర్చినది. హేవ్‌లాకు పేరును తుడిచివేయవలెనని మా మిత్రులు కొందరు వాదించుచున్నారు. వారి యావేశమును మేము గౌరవింతుము. వారి మార్గమును అంగీకరింపము. పాత దస్తావేజులో నచ్చని పంక్తిని కొట్టివేయువాడు దావాను గెలువడు, తన సాక్ష్యమును తానే చెడగొట్టుకొనును. మన వంతెనకు మన యెఱుగని దొర పేరు పెట్టిన కాలమొకటి యుండెనని మన మనుమలకు తెలియవలదా? ఆ పేరును ఉండనిండు. దాని క్రింద ఇంకొక ఫలకము నిలుపుడు. 1897 మొదలు 1900 వరకు ఈ నదిలో దిగి నూతులు దింపినవారు, రాళ్ళు మోసినవారు, రివిట్లు బిగించినవారు ఈ వంతెనను కట్టిరనియు, ఈ దేశపు పన్నులతో దీని వ్యయమును తీర్చిరనియు తెలుగున చెక్కుడు. రెండు పేర్లను ప్రక్కప్రక్కన చదివిన బాలుడు తన తీర్పు తాను చెప్పుకొనగలడు.

మూడవ కోరిక లెక్కలను గూర్చినది. ఇంత పెద్ద పని కాగితములు లేక జరుగదు. అంచనాలు, పటములు, కూలి పట్టీలు, ప్రమాదముల నివేదికలు ప్రభుత్వ భాండాగారములలోను, రైల్వే కచేరీలలోను దొరకినంతవరకు వెదకి, నకళ్ళు తీసి, ఆ వంతెన యొడ్డుననే యొక గదిలో ప్రజలకు చూపవలెను. వంతెనను నడుపు సిబ్బంది, పట్టాలు కాచిన గ్యాంగుకూలీలు, రంగు వేసినవారు, వారి సంతానము చెప్పు మాటలను వారి జీవితకాలముననే వ్రాసికొనవలెను. మన ప్రాంతమున కూడ ఈ పనికి అవకాశము కలదు. 1893లో నెలకొల్పిన లాలాగూడ రైలు కర్మశాల నాచారమునకు కూతవేటు దూరమున కలదు. తాతతండ్రులు అచ్చట సుత్తి పట్టిన కుటుంబములు ఈ సభలోనే ఉండవచ్చును. ఇంటి పెట్టెలో దాచిన పాత పాసు, జీతపు చీటి, నలిగిన ఛాయాచిత్రము కనబడిన పారవేయకుడు. ఈ పఠనమందిరమునకు తెచ్చి చూపుడు. గవర్నరుల చరిత్రను వ్రాయుటకు గుమాస్తాలుండిరి. సుత్తి పట్టినవాని చరిత్రను వ్రాయుటకు మనము తప్ప మరెవ్వరును లేరు.

చివరగ మన మూసీని గూర్చి రెండు మాటలు. 1908 సెప్టెంబరు 28న ఈ నది పొంగి హైదరాబాదును ముంచినది. వేలకొలది జనము కొట్టుకొనిపోయిరి. నగరపు వంతెనలు దెబ్బతినినవి. ఆ దుఃఖమునుండియే విశ్వేశ్వరయ్యగారి సలహాపై రెండు జలాశయములు, ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పుట్టినవి. నేడు అదే మూసీపై, దాని గట్లపై, అనేక పథకములను గూర్చి వినుచున్నాము. పథకము మంచిదా చెడ్డదా యని తొందరపడి తీర్పు చెప్పము. 1883లో మన పట్టణపు పెద్దలు అడిగిన ప్రశ్నలనే అడుగుదము: ఒప్పందము చూపుడు, వ్యయమెంత, అప్పెంత, వడ్డీ యెంత చెప్పుడు, గట్టున కాపురమున్నవానికి ఏమి దక్కునో వ్రాసి యిండు. ఆనాడు ఈ ప్రశ్న అడిగినవారికి దేశబహిష్కారము దొరకినది. నేడు మనకు వోటు కలదు, సమాచారహక్కు చట్టము 2005 నుండి కలదు, ఈ పఠనమందిరము కలదు. ఇన్ని కలిగియుండియు అడుగకుండుట అఘోరనాథులకు మనము చేయు అపచారము.

ఈసారి మీరు రైలులో గోదావరిని దాటునపుడు కిటికీ ప్రక్కకు జరిగి ఆ పాత స్తంభములను చూడుడు. నదికి నమస్కరించునపుడు, ఆ నదిలో మునిగి ఆ నూతులను దింపినవారిని కూడ ఒక్క క్షణము తలచుకొనుడని కోరుచు విరమించుచున్నాము.

వందేమాతరము.